అమ్మమ్మ మాట తీసేసి పాట పెట్టకండి

ఇంట్లో తీసిన వీడియోలో పెదవులు ముందు కదిలి మాట తర్వాత వినిపిస్తే, మన పిల్లల్లో చాలామంది చేసే పని ఒకటే. ఆ మాటను మొత్తం తీసేసి పైన ఒక సినిమా పాట వేస్తారు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పుట్టినరోజుకీ, అక్క సీమంతానికీ, క్వార్టర్ ఖాళీ చేసి సామాను లారీకి ఎక్కించిన రోజుకీ అన్నిటికీ ఇదే మందు. ఈ అలవాటు మానుకోవాలని మా అభిప్రాయం. మాటను పెదవితో కలపడానికి పట్టేది ఇంకో పావుగంట. ఆ పావుగంట ఖర్చు పెట్టదగినదే.

సొంత ఊళ్లోనే ఉండేవాళ్లకు ఇది పెద్ద సంగతి కాకపోవచ్చు. వాళ్ల అమ్మమ్మ పక్క వీధిలో ఉంటుంది, కావలసినప్పుడు వెళ్లి వినొచ్చు. మన ఇళ్లు అలాంటివి కావు. మూడేళ్లు ఒక రాష్ట్రం, నాలుగేళ్లు ఇంకో రాష్ట్రం. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఆటల్లో ఇక్కడైతే బెంగాలీ. తెలుగు ఇంట్లోనే, అదీ అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడే నాలుగు మాటలు. శ్రీకాకుళం వైపు నుంచి సెలవులకు వచ్చిన అమ్మమ్మ గుమ్మంలోనే ఆగి "ఓలమ్మో, ఎంత సిక్కిపోనావే!" అంటుంది చూడండి, ఆ తెలుగు మేము చెప్పే పాఠంలో ఉండదు. ఆవిడ ఉండేది నెల రోజులు. మిగతా పదకొండు నెలలూ ఆవిడ మాట ఫోనులో ఉన్నంత మేరకే ఉంటుంది.

ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉన్నాయి. తరాలు మారినా వాళ్ల ఇళ్లలో తెలుగు నిలిచిందంటే, ఇంట్లో పెద్దవాళ్ల మాట రోజూ చెవిన పడడం వల్లే అని మేము అనుకుంటాం. బదిలీల మీద వచ్చి తాల్‌బగీచాలో అద్దెకున్న మనకు ఆ పెద్దవాళ్లు చాలావరకు వీడియోల్లోనే ఉంటారు. వాళ్ల గొంతు నొక్కేసి మనం పాటలు వింటున్నాం.

సరే, కలపడం ఎలా? ముందు తప్పు వీడియోదా, మనం వింటున్న పరికరానిదా తేల్చుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం సెకనులో పదో వంతు, ఒక్కోసారి రెండు వంతులు ఆలస్యంగా రావడం మామూలే. సినిమా చూసే యాప్‌లు చాలావరకు ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని బొమ్మను కూడా కాస్త ఆపుతాయి. ఎడిటింగ్ చేసేటప్పుడు అన్ని యాప్‌లూ అలా చేయవు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, లేదా ఫోను స్పీకరులోనే ఒకసారి విని చూడండి. లేని జబ్బుకు వైద్యం చేస్తే ఉన్న ఆరోగ్యం చెడుతుంది.

తప్పు వీడియోలోనే ఉందని తేలితే, దాన్ని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంటే అది ఒక జబ్బు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను పెరిగితే అది ఇంకో జబ్బు. పిల్లలు మొదటిదానికి వాడే మందునే రెండోదానికీ వాడి, "టీచర్, ఎంత జరిపినా కుదరడం లేదు, మా నానమ్మ డబ్బింగ్ సినిమాలో ఉన్నట్టుంది" అని వచ్చి చెబుతారు.

తేడా ఎంతో కొలవడానికి మన అక్షరమాల బాగా పనికొస్తుంది. ప, ఫ, బ, భ, మ అనే ఓష్ఠ్యాలు పలకాలంటే పెదవులు మూసుకోక తప్పదు. అందులోనూ ప, బ మేలు, ఎందుకంటే పెదవులు విడివడిన క్షణంలోనే శబ్దం పేలుతుంది. మ అయితే పెదవులు మూసుకుని ఉండగానే ముక్కులోంచి మొదలైపోతుంది. కాబట్టి "బాబాయి", "పాప" లాంటి మాట ఎక్కడ వచ్చిందో వెతికి, వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున నడిపించండి. పెదవి విడిన ఫ్రేముకూ, ఆడియో గీతలో గుట్టలా లేచిన చోటుకూ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, 30 అయితే సుమారు 33.

పెదవిని చూడడం వినికిడిలో ఎంత భాగమో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1976లో చూపించారు. "బ" శబ్దం వినిపిస్తూ, "గ" అంటున్న నోటిని చూపిస్తే చాలామందికి "ద" వినిపించింది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన చిన్న తమ్ముడికి, పెదవి కలవని వీడియోలో అమ్మమ్మ మాట సగమే అర్థమవుతుందంటే వాడి తప్పు లేదు.

ఒకే తేడా ఉన్న జబ్బుకు మందు తేలిక. ఎడిటింగ్ యాప్‌లో ఆడియోను వీడియో నుంచి విడదీసి, లెక్కపెట్టిన ఫ్రేములంత ముందుకో వెనక్కో జరిపితే చాలు. కంప్యూటరులో షాట్‌కట్, కేడెన్‌లైవ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి.

రెండో జబ్బుకు కారణం చాలాసార్లు ఫోనే. సెకనుకు 30 ఫ్రేములని చెప్పుకున్నా, గదిలో వెలుతురు తగ్గితే ఫోను ఫ్రేములు తగ్గించుకుంటుంది, వెలుతురు పెరిగితే మళ్లీ పెంచుతుంది. శబ్దం మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఫ్రేములన్నీ సమానమనుకుని పేర్చుకుంటూ పోతే చివరికి రెండూ విడిపోతాయి. ఇలాంటి ఫైలును ఎడిటింగుకు ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వేసి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవాలి. సగం ఎడిటింగ్ అయ్యాక మారిస్తే కష్టపడి పెట్టిన కత్తిరింపులన్నీ మళ్లీ చూసుకోవలసి వస్తుంది.

బొమ్మ ఒక ఫోనులో, మాట ఇంకో ఫోనులో రికార్డు చేసినప్పుడు మరో చిక్కు. ఏ రెండు పరికరాల గడియారాలూ పూర్తిగా ఒకేలా నడవవు. 30 ఫ్రేముల లెక్కకూ 29.97 లెక్కకూ తేడా చూడడానికి ఏమీ లేదు, గంటకు మాత్రం 3.6 సెకన్లు అవుతుంది. ఇక్కడ ఆరో తరగతి శాతాలు అక్కరకొస్తాయి. 20 నిమిషాల వీడియో అంటే 1200 సెకన్లు. చివరికి మాట 1.2 సెకన్లు వెనకబడితే, తేడా 0.1 శాతం. ఆడాసిటీలో ఆడియో తెరిచి చేంజ్ టెంపో దగ్గర ఆ 0.1 శాతం వేగం పెంచితే రెండూ కలుస్తాయి. తేడా పెద్దదైతే చేంజ్ స్పీడ్ జోలికి వెళ్లకండి. అది వేగంతో పాటు గొంతునూ మార్చేస్తుంది, తాతయ్య గొంతు చిన్నపిల్లవాడిదైపోతుంది. అన్నట్టు, మన పేట పేరులోని "తాల్"కు బెంగాలీలో రెండు అర్థాలున్నాయి: తాటిచెట్టు, పాటకు వేసే తాళం. పేరు తాటిచెట్ల తోటదే గానీ, ఈ లెక్కలు చెప్పేటప్పుడు మాకు రెండోదే గుర్తొస్తుంది.

అన్ని తేడాలూ తప్పులు కావు, ఇది కూడా తెలిసి ఉండాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు (గోరఖ్‌పూర్, హుబ్బళ్లి వచ్చి ప్రపంచంలో పొడవైనదన్న పేరు పట్టుకుపోయాయి, మనకు బాధ లేదు). ఆ చివర ఇంజను కూత వేస్తే ఈ చివరకు చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. మాతా పూజ ఊరేగింపును 34 మీటర్ల దూరం నుంచి తీస్తే, డప్పు మీద కర్ర పడిన పదో వంతు సెకనుకు గానీ దెబ్బ వినిపించదు. అది ప్రకృతి లెక్క. దాన్ని సరిచేద్దామని ఆడియోను ముందుకు జరిపితే, ఫోను పక్కనే నిలబడి మాట్లాడుతున్న పెద్దమ్మ మాట ఆవిడ నోరు తెరవకముందే వచ్చేస్తుంది. డప్పును వదిలేయండి, పెద్దమ్మను చూసుకోండి.

మాట ఆలస్యమైతే మనం కొంతవరకు సర్దుకుంటాం. మెరుపు తర్వాత ఉరుము వినడం అలవాటే కదా. మాట ముందొస్తే సర్దుకోలేం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా చూసేవాళ్లు పసిగడతారు, వెనకబడితే 125 దాకా పట్టించుకోరు. కాబట్టి ఒక ఫ్రేము తేడా కోసం రాత్రంతా కూర్చోవద్దు. మర్నాడు పరీక్ష ఉంటే అసలే వద్దు.

పాట ఉంటేనే వీడియో బాగుంటుందని కొందరి వాదన. పాట వద్దని మేము అనడం లేదు. మాట లేని చోట పెట్టండి, మాట వచ్చినప్పుడు తగ్గించండి. గాలి హోరులో ఒక్క ముక్కా వినపడని చోట పాటే దిక్కు, అదీ ఒప్పుకుంటాం. కానీ కొద్దిగా జరిగిన మాటకూ, చెడిపోయిన మాటకూ ఒకే శిక్ష వేయకండి.

ఈ వేసవికి ఊరు వెళ్లినప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టగానే కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి, ఆపే ముందు ఇంకోసారి. సినిమావాళ్లు పలక కొట్టేది ఇందుకే. చేతులు కలిసిన ఫ్రేమూ, ఆడియోలో నిటారుగా లేచిన గీతా ఒకచోట పెడితే మొదలు కుదురుతుంది, రెండో చప్పట్లు చివర తేడా ఎంతో చెబుతాయి. తాతయ్య చేతే కొట్టిస్తే ఇంకా మంచిది, ఆయనకూ సరదా. ఎడిటింగ్ అయ్యాక అసలు ఫైలును చెరిపేయకుండా, ఊరి పేరూ తేదీ పెట్టి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఆ పెన్‌డ్రైవ్ లారీ సామానులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోమని అమ్మకు చెప్పండి.