ఆగ్మెంటెడ్ రియాలిటీ రంగం: కాజీపేటకు గల అవకాశాలు

కాజీపేట: కంటి ఎదుట ఉన్న వస్తువుపైనే దానికి సంబంధించిన చిత్రాన్ని, కొలతను, సూచనను కంప్యూటర్ సాయంతో చూపే పరిజ్ఞానమే ఆగ్మెంటెడ్ రియాలిటీ. 2016లో వచ్చిన పోకెమాన్ గో ఆటతో ఇది సామాన్యులకు పరిచయమైంది. అందువల్ల పలువురు దీనిని వినోద సాధనంగానే పరిగణిస్తున్నారు. వాస్తవానికి ఈ పేరు కర్మాగారం అవసరం నుంచి వచ్చింది. విమానాల విద్యుత్ తీగల కట్టలను కార్మికులు పొరపాటు లేకుండా కూర్చేందుకు బోయింగ్ సంస్థకు చెందిన టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ 1992లో వెలువరించిన పరిశోధన పత్రం ఇందుకు నాంది పలికింది.

ఈ రంగంలో సాఫ్ట్‌వేర్ సంస్థ నిలదొక్కుకోవాలంటే నిపుణులు, పని వసతి, పరిజ్ఞానాన్ని వినియోగించుకొనే పరిశ్రమ అవసరం. ఈ మూడూ కాజీపేట పరిసరాల్లోనే ఉండటం గమనార్హం. 1959 అక్టోబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో నిట్‌గా రూపొందింది. సమీపంలోని మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు 2020 జనవరి 7న ప్రారంభమయ్యాయి. కాజీపేటలో డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లు ఉన్నాయి. రూ. 500 కోట్లకు పైగా వ్యయంతో తలపెట్టిన రైల్వే తయారీ కేంద్రానికి 2023 జులై 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

హైదరాబాద్‌కు చెందిన ఇమాజినేట్ సంస్థ పారిశ్రామిక శిక్షణకు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. అదే రీతిలో, షెడ్డులో కొత్తగా చేరిన మెకానిక్‌కు ఏ భాగాన్ని ముందు విప్పాలో, దేనిని ఎంత బిగించాలో ఆ భాగంపైనే చూపవచ్చు. అయితే పరిమితులూ లేకపోలేదు. చమురు, దుమ్ము, చాలీచాలని వెలుతురు కెమెరా గుర్తింపును దెబ్బతీస్తాయి. పాత యంత్రాల నమూనాలను ముందుగా డిజిటల్ రూపంలోకి మార్చాలి. సూచనలు కార్మికునికి తెలిసిన భాషలో ఉండాలి.

కనుక భారీ ప్రణాళిక కన్నా, ఒక షెడ్డులో ఒకే పనిని ఎంచుకొని, దానికి పట్టే సమయాన్ని, దొర్లే పొరపాట్లను ప్రయోగానికి ముందు, తర్వాత లెక్కించడం శ్రేయస్కరం. రైల్వేలు కేంద్రం అధీనంలోనివి. ఐటీ వసతుల కల్పన రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. ఉభయుల మధ్య సమన్వయం కుదిరితేనే స్థానిక సంస్థలకు తొలి ఆర్డర్లు లభిస్తాయి. భవనాలు ఎన్ని వెలసినా, చేతికి పని లేనిదే ఇక్కడ చదివిన యువత హైదరాబాద్ రైలెక్కక తప్పదు. ఆ రైలు ఆగే కాజీపేటలోనే వారికి పని చూపగలగడం ఈ రంగం విజయానికి అసలైన కొలమానం.