గాత్రం దానమెట్లా అయింది?

మన సినిమా పత్రికల్లో ఒక మాట చాలాకాలంగా వాడుకలో ఉన్నది: గాత్రదానం. తెరమీద ఒకరు పెదవులు కదిలిస్తే తెరవెనక మరొకరు మాట్లాడటాన్ని మనవాళ్లు ఇట్లా అంటారు. కెమెరా పట్టినవాడు నేత్రదానం చేశాడని ఎవరూ రాయరు. సెట్టు కట్టిన వడ్రంగిది హస్తదానం కాదు. గొంతుతో పని చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని కాస్తా దానమయింది. దానానికి కూలి అడగటం మర్యాద కాదు గదా! ఆ మాట ఎవరు పుట్టించినా గౌరవంతోనే పుట్టించి ఉంటారు. కాని అది ఎవరికి లాభించిందో ఆలోచించవలసి ఉన్నది.

నేనీ సంగతి ఎత్తుకోవటానికి కారణం ఉన్నది. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ, పురుగుమందులు వాడే రైతుల కోసం పావుగంట చిత్రం తీసింది. వ్యాఖ్యానం నేను రాశాను. సంస్థ మనబోటివాళ్లదే, అంటే శ్రమకు విలువ కట్టాలని సభల్లో చెప్పేవాళ్లదే. కెమెరాకు అద్దె ఇచ్చారు. ఎడిటరుకు డబ్బిచ్చారు. కారుకు పెట్రోలు పోయించారు. వ్యాఖ్యానం దగ్గర మాత్రం కార్యదర్శిగారు, "చదవటానికి కూడా డబ్బెందుకండీ? మా మేనల్లుడి గొంతు బాగుంటుంది" అన్నారు.

మేనల్లుడి గొంతు నిజంగానే బాగుంది. నేను "పాళ్లు" అని రాసినచోటల్లా అతను "పాలు" అన్నాడు. అది నవ్వుకుని ఊరుకోదగిన తప్పు. కాని ఒకచోట నేను, "మందు కడుపులోకి పోయినవాళ్లకు మీరుగా వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి" అని రాశాను. అతను "వెంటనే" దాకా ఒక్క ఊపున చదివి, అక్కడ ఆగి, తర్వాతి మాట అందుకున్నాడు. రికార్డు చేసిన గదిలో ఇది ఎవరికీ వినపడలేదు, నాతో సహా. చిత్రం చూపించిన మొదటి ఊళ్లోనే ఒక రైతు లేచి, "వెంటనే చేయించగూడదంటిరి గదా, మరి ఎంతసేపు ఆగి చేయించమంటారు?" అని అడిగాడు.

వాక్యం నాది. చుక్క సరైనచోటే పెట్టాను. కాని వినేవాడి చేతిలో కాగితం ఉండదు. ఆ ఒక్క చుక్క తప్పిపోతే ఒక ప్రాణం పోవచ్చు.

తర్వాత, నా పోరు పడలేక, డబ్బింగు వృత్తిగా చేసుకున్న ఒకామెను పిలిచారు. ఆమె వచ్చీరాగానే మైకు ముందుకు పోలేదు. చిత్రం ఏ జిల్లాల్లో చూపిస్తారని అడిగింది. పెన్సిలు తీసుకుని కాగితంమీద గీతలు పెట్టుకున్నది. నేను చెప్పకముందే ఆ "వెంటనే" దగ్గర ఆగి, "ఇది వెనకదానితో పోతుందా, ముందుదానితోనా సార్?" అన్నది. నా వాక్యం ఒకటి ఊపిరికి మించి ఉన్నదని రెండుగా విరిపించింది. నాకు కోపం వచ్చిన మాట దాచను. కాని విరిచినదే మెరుగు. ఇదంతా గొంతు బాగుండటంతో వచ్చేది కాదు, అది విద్య.

"చదవటమే గదా" అనేవాళ్లు డబ్బింగు సంగతి ఎరగరు. 1950లో వచ్చిన 'ఆహుతి' తెలుగులో మొదటి డబ్బింగు చిత్రంగా చెప్పుకునేది. దాని మూలం హిందీ 'నీరా ఔర్ నందా'. తెలుగు మాటలు రాసినవాడు శ్రీశ్రీ. మహాకవి ఎదుర్కొన్న చిక్కు కవిత్వానిది కాదు, పెదవులది. ప, ఫ, బ, భ, మ పలికితే పెదవులు కలుస్తాయి. తెరమీది మనిషి పెదవులు కలిసినచోట మన మాటలో ఓష్ఠ్యం పడాలి. పైగా మనది అజంత భాష. హిందీ మాట హల్లుతో ముగిసి నోరు మూతపడినచోట తెలుగు మాట అచ్చుతో నోరు తెరుచుకుని నిలబడుతుంది. ఆ మిగులును గొంతే దాచాలి. ఎదుట నటుడు లేడు, ఆడిటోరియం లేదు, ఏడవవలసింది చీకటి గదిలో, మరొకరి ముఖం చూస్తూ, అర సెకను అటూ ఇటూ కాకుండా. దీన్ని నటన కాదనేవాడు నటన అంటే ముఖమే అనుకుంటున్నాడన్నమాట.

2009 'అరుంధతి'లో సోనూ సూద్ ముఖం నుంచి పి. రవిశంకర్ గొంతు తీసేసి చూడండి, పశుపతి ఎంత మిగులుతాడో. 1997 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడి రూపం సుమన్‌ది, వాక్కు బాలసుబ్రహ్మణ్యానిది. ఆ వాక్కుకు నంది బహుమతి వచ్చింది. ఆ విషయంలో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కంటే నయమనే చెప్పాలి. నేపథ్యగానానికి జాతీయ బహుమతి పెట్టినవాళ్లకు నేపథ్యభాషణం ఇంకా వినపడలేదు.

గొంతుకు విలువ లేదని నిర్మాతలు అనుకుంటున్నారా అంటే, అదీ లేదు. 2019లో 'లయన్ కింగ్' తెలుగులో ముఫాసాకు గొంతు రవిశంకర్‌ది. 2024లో 'ముఫాసా' వచ్చినప్పుడు ఆ పాత్రకు మహేశ్ బాబు చెప్పాడు, ప్రచారమంతా ఆ పేరుమీదే నడిచింది. ఆయన సరిగా చెప్పలేదని నా వాదన కాదు. గొంతు టిక్కెట్లు అమ్ముతుందని వాళ్లకు తెలుసుననే నా వాదన. తెలిసిన ముఖం వెనక ఉంటే గొంతు సరుకు, లేకపోతే దానం.

ఇక చట్టం చూడండి. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది. అదే సవరణ ఒక మినహాయింపు కూడా చేర్చింది: సినిమాలో ఎవరి పని చిల్లరమల్లరదో, పరిశ్రమ వాడుక ప్రకారం ఎవరి పేరు టైటిల్సులో సైతం వేయరో, వాళ్లు ప్రదర్శకులు కారు, తమ పనిని వక్రీకరిస్తే అభ్యంతరపెట్టటానికి తప్ప. కథానాయికకు చెప్పిన గొంతు చిల్లరది కాదని కోర్టులో వాదించవచ్చు. గుంపులో అరిచి, నర్సుగా రెండు మాటలూ పోలీసుగా మూడు మాటలూ చెప్పి, సాయంత్రం బస్సెక్కే వాళ్ల మాటేమిటి? పేరు వేయరు గనక ప్రదర్శకులు కారు. ప్రదర్శకులు కారు గనక పేరు అడగరాదు.

ఒక మిత్రుడు, మంచి కార్యకర్త, నాతో ఇంకో వాదం చేశాడు. "వృత్తి గొంతంటే నాలుగు కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల గొంతేగా? ప్రజల గొంతు ప్రజలే వినిపించాలి" అని. ఇందులో మొదటి సగం నిజం. తెలంగాణ యాసనూ, సీమ యాసనూ మన సినిమా ఎన్నేళ్లు విదూషకులకూ దుర్మార్గులకూ వదిలిపెట్టిందో అందరికీ తెలుసు. కాని దీనికి మందు, పాలమూరు మనిషినీ శ్రీకాకుళం మనిషినీ ఊరికే పిలిచి చదివించుకోవటం కాదు. ఆ విద్య వాళ్లకు నేర్పి, నేర్చినదానికి కూలి ఇవ్వటం. మిత్రుడి వాదంలో ప్రజల గొంతు ఉన్నది గాని ప్రజల కడుపు లేదు.

ఇప్పుడు యంత్రం కూడా వచ్చింది. 2023 నాటి 'కీడా కోలా' చిత్రంలో తన తండ్రి బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా యంత్రంచేత పలికించారని ఆయన కుమారుడు 2024లో నోటీసు ఇచ్చాడు. అదే ఏడు అరిజిత్ సింగ్ గొంతును కాపీ కొట్టరాదని బొంబాయి హైకోర్టు ఆజ్ఞ ఇచ్చింది. మంచిదే. పేరున్నవాడికి లాయరున్నాడు. నర్సుకూ పోలీసుకూ చెప్పినవాళ్ల గొంతు రేపు ఏ యంత్రంలోనో వినపడితే, అది తమదేనని రుజువు చేసుకోవటానికి టైటిల్సులో పేరు కూడా లేదే!

ఆ పురుగుమందుల చిత్రం ఇప్పటికీ ఊళ్లల్లో ఆడుతున్నది. ఆమె పేరు అందులో లేదు. టైటిల్సు ముందే అయిపోయాయని చెప్పారట. ఈ మధ్య అదే సంస్థ ఇంకో చిత్రం తలపెట్టి నన్ను పిలిచింది. ఖర్చుల కాగితంలో గొంతుకు ఒక పద్దు పెడితేనే రాస్తానన్నాను.

"ఎంత వేయమంటారండీ?" అన్నారు కోశాధికారి.

ఎడిటరుకు ఎంత వేశారని అడిగాను. ఆయన కలం మూసి, కమిటీలో పెడతామన్నారు.