తీగలు తెగిపోలేదు తమ్ముడూ!

పోయిన ఏడాది కల్చరల్ నైట్ అయిపోయాక స్టేజీ వెనకాల వైర్లు చుట్టుకుంటుంటే ఒక ఫస్టియర్ కుర్రాడు వచ్చాడు. చాలా మర్యాదగా, కొంచెం జాలిగా కూడా అన్నాడు: "అన్నా, నీ గిటార్‌కి రెండు తీగలు తెగిపోయినా ప్రోగ్రాం అంతా మేనేజ్ చేసేశావు. గ్రేట్ అన్నా."

తెగిపోలేదు తమ్ముడూ. దీనికి ఉండేవే నాలుగు.

దీన్ని బేస్ గిటార్ అంటారు. ఈసీఈ వాళ్లకి ముందే చెప్తున్నా, ఎమిటర్‌కీ కలెక్టర్‌కీ మధ్య ఉండే బేస్ కాదు. మామూలు గిటార్‌లో లావుగా ఉండే నాలుగు తీగల్ని ఏ స్వరాలకి శ్రుతి చేస్తారో, సరిగ్గా వాటికి ఒక స్థాయి కిందకి శ్రుతి చేసిన వాద్యం ఇది. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంటే మీ ఫోన్ స్పీకర్ పలకగలిగినదానికి చాలా కింద. అందుకే నేను వాయించేది రీల్స్‌లో వినబడదు. ఆ కుర్రాడి తప్పేం లేదు.

మూడేళ్లుగా మన కాలేజీ బ్యాండ్‌లో ఇదే పని చేస్తున్నా. ఈ మూడేళ్లలో పోస్టర్ మీద పాడినవాళ్ల పేర్లు వేశారు, యాంకర్ల పేర్లు వేశారు, బిర్యానీ స్పాన్సర్ పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో వేశారు. వాయించినవాళ్లకి మాత్రం "మ్యూజిక్: కాలేజీ బ్యాండ్" అని ఒక్క లైను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎండాకాలం సెలవుల్లో మా మావయ్య దగ్గర కూర్చున్నాకే అనిపించింది.

మావయ్యది తెనాలి. పగలు మోటార్లకి వైండింగ్ చుట్టే షాపు, రాత్రి ఆర్కెస్ట్రా. ఎనభైల మధ్య నుంచి దాదాపు ఇరవై ఏళ్లు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వినాయక చవితి పందిళ్లలో, దసరా స్టేజీల మీద, పెళ్లిళ్లలో బేస్ వాయించాడు. కలకత్తా నుంచి ఎవరో తెచ్చిన సెకండ్ హ్యాండ్ గిటార్ అది. ఒకసారి దాని పికప్ పోయింది. పికప్ అంటే తెలుసుగా? అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఇనుప తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో మనం మార్కుల కోసం బట్టీ పట్టిన ఫారడే నియమమే. ఆ రోజుల్లో ఆ పార్టు ఇక్కడ దొరకదు. మావయ్య తన షాపులోనే కూర్చుని, చుట్లు లెక్కపెట్టుకుంటూ, చేత్తో మళ్లీ చుట్టాడు. నేను ఇప్పుడు వాయిస్తున్నది ఆ గిటారే.

తీగల సంగతి ఇంకో కథ. బేస్ తీగల సెట్టు అప్పుడూ ఖరీదే, ఇప్పుడూ ఖరీదే. వాడగా వాడగా చెమట, మట్టి పట్టి వాటి గొంతు మూసుకుపోతుంది. అప్పుడు వాటిని విప్పి నీళ్లలో మరిగిస్తే కొన్నాళ్లపాటు మళ్లీ ఖంగుమంటాయి. ఇది ప్రపంచమంతా బేస్ వాయించేవాళ్లకి తెలిసిన చిట్కా. కాకపోతే మా అత్తయ్యకి తెలీదు. పాలగిన్నెలో గిటార్ తీగలు ఉడుకుతుంటే చూసి ఆవిడ పెట్టిన గోల ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఇక గిగ్‌లు. ఎర్తింగ్ సరిగా లేని పందిట్లో మైకుకి పెదవి తగిలితే జివ్వుమనేది. అందుకని జేబులో టెస్టర్ లేకుండా స్టేజీ ఎక్కేవాడు కాదట. స్పీకర్లేమో చెట్లకి కట్టిన లౌడ్ స్పీకర్ బాకాలు. వాటికి కింది స్థాయి శబ్దాలు అసలు రావు. అంటే రాత్రంతా నిలబడి వాయించినా, దూరంగా కూర్చున్న జనానికి ఈయన వాయించింది చేరేదే కాదు!

"మరి ఎందుకు వాయించేవాడివి మావయ్యా?" అని అడిగా.

"ఒరేయ్ అల్లుడూ, ఒకసారి పాట మధ్యలో నా బెల్టు తెగి గిటార్ జారిపోయింది. రెండు నిమిషాలు ఆపేశా. జనం ఎవరూ తల తిప్పలేదు. పాడే అమ్మాయి మాత్రం ఠక్కున వెనక్కి తిరిగి చూసింది. కాళ్ల కింద చాప లాగేసినట్టుందన్నయ్యా అంది తర్వాత. నేను వాయించేది జనానికి కాదురా, పాడేవాళ్లకి."

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. బేస్ పని అదే. డ్రమ్ము కాలం చెప్తుంది, కీబోర్డు రంగు వేస్తుంది. పాట ఇప్పుడు ఏ స్వరం మీద నిలబడి ఉందో చెప్పేది బేస్. పైన అదే ట్యూన్ పాడుతున్నా, కింద స్వరం మారిస్తే పాట మూడ్ మారిపోతుంది.

ఇంతకీ మావయ్య ఇదంతా ఎక్కడ నేర్చుకున్నాడు? రేడియోలో. యూట్యూబ్ ట్యుటోరియల్ లేదు, టాబ్స్ లేవు. వివిధభారతిలో పాట వస్తే వచ్చినట్టు, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. మీడియం వేవ్ ప్రసారం పై స్థాయి శబ్దాల్ని కోసేస్తుంది, అరచేతిలో పట్టే స్పీకర్ కింది స్థాయి శబ్దాల్ని మింగేస్తుంది. మధ్యలో మిగిలినదాన్ని వినాలి. అందుకని పాత రేడియోలోంచి స్పీకర్ ఊడదీసి, వెనక భాగం లోపలికి పోయేలా ఖాళీ కుండ మూతి మీద కూర్చోబెట్టేవాడు. ఊళ్లలో చాలామంది చేసిన పనే ఇది. దీని వెనక సైన్సు ఉంది: స్పీకర్ ముందుకి తోసిన గాలీ, వెనక్కి తోసిన గాలీ ఒకదానికొకటి వ్యతిరేకం. విడి స్పీకర్‌లో రెండూ కలిసిపోయి, కింది స్థాయి శబ్దం రద్దయిపోతుంది. వెనక గాలిని కుండలో బంధిస్తే ఆ శబ్దం బతుకుతుంది. నాన్నగారి తరం దాన్ని 'కుండ సౌండ్' అనేది. మనం ఎన్‌క్లోజర్ డిజైన్ అంటున్నాం.

ఇంకో చిత్రం చెప్తా. 41 హెర్ట్జ్ స్వరంతో పాటు దాని రెట్లు కూడా పుడతాయి: 82, 124, 165... ఇలా పైకి. చిన్న స్పీకర్ అసలు స్వరాన్ని పలకలేకపోయినా, పైనున్న రెట్లలో కొన్నిటిని పలుకుతుంది. మన మెదడు వాటి మధ్య దూరం చూసి, లేని కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. మిస్సింగ్ ఫండమెంటల్ అంటారు దీన్ని. అంటే చిన్న రేడియోలో బేస్ మనం వింటున్నామో, ఊహించుకుంటున్నామో చెప్పడం కష్టం. మావయ్య అలా సగం విని, సగం ఊహించి ఇళయరాజా పాటలు పట్టాడు. 'అభినందన', 'గీతాంజలి' పాటల బేస్ ఆయన ఇప్పటికీ నిద్రలో లేపినా వాయిస్తాడు.

రేడియో గురించి మావయ్య అన్న ఒక మాటే ఈ వ్యాసం రాయించింది. "వివిధభారతిలో ప్రతి పాటకీ సినిమా పేరు చెప్పేవాళ్లు, రాసినవాళ్ల పేరు చెప్పేవాళ్లు, పాడినవాళ్లు, సంగీతం చేసినవాళ్ల పేర్లూ చెప్పేవాళ్లు. నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నా పని చేసినవాడి పేరు మాత్రం ఒక్కసారి కూడా వినలేదురా."

ఇది మన దగ్గరే జరిగిన సంగతి కాదు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో 1959లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ మొదలైంది. అరవైల్లో దాని పాటలు అమెరికా రేడియోని ఏలాయి. పాట కారు రేడియోలో ఎలా వినబడుతుందో చూడ్డానికి స్టూడియోలో చిన్న స్పీకర్ పెట్టుకుని మరీ మిక్స్ చేసేవాళ్లు. ఆ పాటల్లో ఎక్కువ శాతానికి బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆ చిన్న స్పీకర్లలోంచి కూడా ఆయన బేస్ జనాన్ని ఆడించింది. కానీ ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద అచ్చయ్యేదాకా శ్రోతలకి ఆయనెవరో తెలీదు. 1983లో, 47 ఏళ్లకే పోయాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పదిహేడేళ్లు ఆలస్యంగా అన్నమాట.

మన దగ్గర రెహమాన్ తన క్యాసెట్ల లోపలి కాగితంలో వాయిద్యకారుల పేర్లు వేయించడంతో చాలామందికి తొలిసారిగా కీత్ పీటర్స్ లాంటి బేసిస్టుల పేర్లు తెలిశాయి. ఇళయరాజా పాటల్లో ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు మీలో ఎంతమంది విన్నారు? ఆ బేస్ లైన్లు రాసింది రాజాగారే, కాదనట్లేదు. కానీ కాగితం మీద ఉన్న స్వరానికి ప్రాణం పోసిన వేళ్లు ఒకరివి ఉంటాయిగా. ఇప్పుడు చాలా ఎఫ్.ఎం. స్టేషన్లలో పాటకీ పాటకీ మధ్య బోలెడు కబుర్లు ఉంటాయి, సంగీత దర్శకుడి పేరు కూడా ఉండదు. వివిధభారతి చెప్పిన నాలుగు పేర్లకి ఇంకో నాలుగు కలుస్తాయనుకుంటే, ఉన్న నాలుగూ పోయాయి.

పేరులో ఏముంది అంటారా? మావయ్య కథ చివర్లో ఏమైందో వినండి. మొదట కీబోర్డు వచ్చింది. ఎడం చేత్తో బేస్ కూడా లాగించేయొచ్చు కదా అన్నారు. ఒక మనిషి తగ్గాడు. తర్వాత ట్రాక్ సీడీలు వచ్చాయి. ఇంకో ముగ్గురు తగ్గారు. ఒక చవితికి పిలుపు రాలేదు. "నన్ను తీసేశారని ఎవరూ గమనించలేదురా. ఉన్నానని తెలిస్తే కదా!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గిటార్ అటక మీదకి వెళ్లిపోయింది. నేను సెకండియర్‌లో అడిగి దింపించేదాకా అక్కడే ఉంది.

ఇప్పుడు మన సంగతికి వస్తా. ఈసారి ఫెస్ట్‌కి లైవ్ బ్యాండ్ బదులు కరోకే ట్రాక్‌లు పెడదామని ఒక ప్రతిపాదన నడుస్తోంది. వాళ్ల లెక్కలూ తప్పు కాదు. డ్రమ్ కిట్, బేస్ ఆంప్ అద్దెకి తేవాలి, సౌండ్ చెక్‌కి రెండు గంటలు పోతాయి, ట్రాక్ అయితే అపస్వరం రాదు. అన్నీ నిజాలే. బడ్జెట్ ఎంత టైటో నాకూ తెలుసు.

కానీ పోయినసారి జరిగింది గుర్తు చేసుకోండి. ఒక ఫస్టియర్ అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కింది. పల్లవి బాగానే పాడింది, చరణం దగ్గర జనాన్ని చూసి బిగుసుకుపోయింది. ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. డ్రమ్మర్ నా వైపు చూశాడు, నేను కీబోర్డు వైపు చూశా. అదే ఇంటర్‌లూడ్ ఇంకోసారి తిప్పాం. తను ఊపిరి తీసుకుని అందుకుంది. చప్పట్లు మార్మోగాయి. అక్కడేదో తేడా జరిగిందని కిందున్న ఎవరికీ తెలీదు. ట్రాక్ అయితే ఆగేదా? ఆ పిల్లని అక్కడే వదిలేసి తన దారిన తను పోయేది. కాలేజీ స్టేజీ ఉన్నది తప్పు లేకుండా పాడేవాళ్ల కోసం కాదు, తప్పు చేసి నేర్చుకునేవాళ్ల కోసం. వాళ్ల కోసం ఆగడానికి వెనకాల మనుషులు ఉండాలి.

నేను ఈ మేలో వెళ్లిపోతున్నా. కాబట్టి ఇది నా స్లాట్ కోసం పోరాటం కాదు. కమిటీ మిత్రులకి నా విన్నపాలు రెండే. బ్యాండ్‌ని ఉంచండి, ఖర్చు తగ్గించాలంటే లైట్లు తగ్గించండి, పాటలు తగ్గించండి, మేము సర్దుకుంటాం. రెండోది ఇంకా చవక: పోస్టర్ మీద "కాలేజీ బ్యాండ్" అనే లైను తీసేసి, డ్రమ్స్ ఎవరు, కీబోర్డు ఎవరు, బేస్ ఎవరు, గిటార్ ఎవరు అని పేర్లు వేయండి. సౌండ్ బోర్డు దగ్గర కూర్చునే ఇద్దరివి కూడా. దానికి పైసా ఖర్చు లేదు, బిర్యానీ స్పాన్సర్ పేరు ఒక అంగుళం తగ్గిస్తే చోటు సరిపోతుంది.

చదివే మీకు కూడా ఒక చిన్న పని. ఈ రాత్రి మీకిష్టమైన పాట ఒకటి ఫోన్ స్పీకర్‌లో కాకుండా మంచి ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకోండి. పాడేవాళ్లని వదిలేసి కింద నడిచేదాన్ని పట్టుకుని చివరిదాకా దాని వెంటే వెళ్లండి. మొదటిసారి జారిపోతుంది, రెండోసారి దొరుకుతుంది. దొరికాక అది వాయించినది ఎవరో వెతకండి. కొన్నిసార్లు పేరు దొరకదు. దొరికితే మాత్రం పాట స్టేటస్‌లో పెట్టేటప్పుడు ఆ పేరు కూడా రాయండి.

ఈసారి ఫెస్ట్‌కి మావయ్యని పిలిచా. వస్తానన్నాడు. ముందు వరసలో సీటు ఉంచుతా అంటే వద్దన్నాడు, స్పీకర్ పక్కన నిలబడతాడట. పోస్టర్ మీద బేస్ పక్కన నా పేరుంటే ఫోటో తీసి పంపమన్నాడు. దాన్ని షాపులో అంటించుకుంటాడట.