మన సభలకూ ఎర్రదీపం కావాలి

1924లో అమెరికాలోని శాంటా అనా పట్టణంలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ ఉపన్యాస సంఘాల సమావేశ పద్ధతి మన శాఖలు పరిశీలించదగినది. అచ్చట సిద్ధపడి వచ్చిన వక్తకు సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలే గడువు. అయిదవ నిమిషాన ఆకుపచ్చ, ఆరవ నిమిషాన పసుపు, ఏడవ నిమిషాన ఎరుపు. రైల్వే కార్మికులకు ఈ భాష వేరుగా నేర్పనక్కరలేదు! అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం కొత్తవారికీ లభిస్తుంది. ప్రసంగంలోని గుణదోషాలను తోటి సభ్యుడే అందరి ఎదుట చెబుతాడు. 'ఆ', 'ఊ' అనే నసుగుళ్లను లెక్కించడానికి సైతం ఒకరుంటారు. (ఈ లెక్క మన వక్తలకు కొంత ఇబ్బందికరమే.)

మన సభలలోనో, వేదికపైవారు గంటల తరబడి ప్రసంగించగా, ట్రాక్ మెయింటెయినర్లు, గ్రామీణ డాక్ సేవకులు తమ గోడు చెప్పకుండానే ఆఖరి బస్సుకు లేచి పోతున్నారు. రేపు అధికారి ఎదుట నోరు విప్పవలసినది వారే. కావున వచ్చే శాఖా సమావేశంలో మొదటి అరగంట వారికే కేటాయించాలనీ, కార్యదర్శి ప్రసంగం 7 నిమిషాలు మించరాదనీ మేము కోరుతున్నాము.