సేవా, సంపాదనా? సూరత్ కార్మికవాడలు అడుగుతున్న ప్రశ్న

సూరత్: 2024 డిసెంబరులో సూరత్ పోలీసులు నకిలీ వైద్య పట్టాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. ఎలక్ట్రో హోమియోపతి పేరిట సుమారు 70 వేల రూపాయలకు పట్టా కొన్నవారు కార్మికవాడల్లో దవాఖానాలు తెరిచి, అల్లోపతి మందులు ఇస్తూ దొరికిపోయారు. అంతకు ముందు నెలలోనే, పాండేసరాలో అర్హత లేనివారు ఆర్భాటంగా ప్రారంభించిన ఆసుపత్రిని అధికారులు మరునాడే మూయించారు. పాండేసరా అంటే అద్దకపు మిల్లులు, మరమగ్గాలు, ఇరుకు గదుల్లో వలస కూలీలు. నకిలీ వైద్యుడు అక్కడ ఎలా పాతుకుపోయాడో తెలియాలంటే, అసలు వైద్యుడు అక్కడికి ఎందుకు రాలేదో ముందు తెలియాలి.

వైద్యవృత్తిని ఎంచుకునేది ధనం కోసమా, ఆత్మసంతృప్తి కోసమా అన్న చర్చ పాతదే. సీటు వచ్చిన రోజున ఏ విద్యార్థిని అడిగినా సేవ కోసమేనంటాడు. ఆ మాటను శంకించవలసిన పనిలేదు. పట్టా చేతికి వచ్చేనాటికి ఆ మాట ఎంత మిగులుతుందన్నదే అసలు సంగతి.

ఈ విషయంలో సూరత్‌కు ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1994 సెప్టెంబరులో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పొక్కగానే లక్షలాది జనం రైళ్లు, బస్సులు పట్టుకొని ఊరు విడిచారు. వారితోపాటు ప్రైవేటు వైద్యులు కూడా పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. మందుల దుకాణాలు మూతపడ్డాయి. ప్రాణాలు కోల్పోయినవారు యాభై మందికి పైగా ఉన్నారు. ఆ రోజుల్లో రోగులకు దిక్కయింది ప్రభుత్వ సివిల్ ఆసుపత్రి. పారిపోయినవారిని నిందించడం సులువు. అయితే గుజరాత్‌లో అప్పటికి ప్రైవేటు వైద్య కళాశాలలు అరుదు కనుక, వెళ్లినవారిలోనూ నిలిచినవారిలోనూ అధికులు ఒకే రకమైన ప్రభుత్వ కళాశాలల్లో చదివినవారే అయివుండాలి. నిలిచినవారికి విధుల పట్టిక ఉంది, పక్కన సహచరులున్నారు, వెనుక ఒక సంస్థ ఉంది. ఒంటరిగా దవాఖానా నడుపుకునే వైద్యుడికి ఇవేవీ లేవు. ధైర్యం కూడా కొంతవరకు వ్యవస్థ ఇచ్చేదే. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచి చూపారు. ఆయన వైద్యుడు కారు, ఐఏఎస్ అధికారి.

నాడు సూరత్ వాసులు వీధివీధినా వెతుక్కున్న మందు టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో తొలి మందైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన అమెరికా ప్రయోగశాలలో 1940లలో వెలువడింది. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొనడం ఆయన జీవిత మార్గాన్ని నిర్ణయించిందని చెబుతారు. ఖద్దరు ధరించినందుకు మద్రాసు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ బదులు తక్కువస్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సంపాదనే లక్ష్యమైతే ఆయన నడిచిన దారి ఎవరూ నడవరు. అయితే అటువంటి అసాధారణులను కొలబద్దగా పెట్టుకొని ఒక దేశపు వైద్యసేవను నిర్మించలేము.

ప్రైవేటు వైద్యులంతా ధనాపేక్షులన్న తీర్మానమూ నిలవదు. 2020 ఆగస్టులో సూరత్‌లోని ఒక ఆసుపత్రిలో, కోవిడ్ సోకి ఐసీయూలో ఉన్న అనస్థీషియా వైద్యుడొకరు తన ఆక్సిజన్‌ను తొలగించుకొని, ఊపిరాడని వృద్ధ రోగికి శ్వాసనాళంలో గొట్టం అమర్చారు. తరువాత ఆయన పరిస్థితే విషమించి చికిత్స కోసం చెన్నైకి తరలించవలసి వచ్చింది. ఆ నిమిషంలో ఆయన ఏ లెక్కా వేసుకొని ఉండరు.

లెక్కలు వేయవలసివచ్చేది కళాశాల ద్వారం వద్ద. గుజరాత్‌లో ప్రభుత్వ సొసైటీ ఆధ్వర్యంలోని జీఎంఈఆర్‌ఎస్ కళాశాలల వార్షిక రుసుమును 2024లో ప్రభుత్వ కోటాలో 3.30 లక్షల నుంచి 5.50 లక్షల రూపాయలకు, యాజమాన్య కోటాలో సుమారు 9 లక్షల నుంచి 17 లక్షలకు పెంచారు. తల్లిదండ్రులు, విద్యార్థులు ఆందోళనకు దిగడంతో వాటిని 3.75 లక్షలకు, 12 లక్షలకు తగ్గించారు. ఏటా 12 లక్షలంటే నాలుగున్నరేళ్ల చదువుకు 54 లక్షలు. వసతి, పుస్తకాలు, ఆపై పీజీ ఖర్చు వేరు. ఆ అప్పుతో బయటికి వచ్చిన యువ వైద్యుడు పాండేసరాలో బోర్డు కడతాడని ఆశించడం అత్యాశ. ప్రభుత్వ కళాశాలలో తక్కువ రుసుముతో చదివినవారికి ఏడాది గ్రామీణ సేవ నిబంధన ఉంది. కాదనుకుంటే 20 లక్షల రూపాయల బాండు సొమ్ము చెల్లించాలి. సేవకు వెల కట్టి, దానినుంచి తప్పించుకునే దారినీ ప్రభుత్వమే చూపినట్లయింది.

వెనుకబడిన ప్రాంతాల్లో వైద్యులు నిలవాలంటే ఆ ప్రాంతాల పిల్లలనే వైద్యవిద్యలో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సూచించింది. అది ప్రధానంగా గ్రామాలను ఉద్దేశించిన సూచన. సూరత్ కార్మికవాడలకూ అది వర్తించదగినదే. లింబాయత్ పరిసరాల్లో తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, కానీ అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. సూరత్‌లో పరీక్ష రాసే నేత కార్మికుడి బిడ్డ ఇంగ్లిషు, హిందీ, గుజరాతీ వంటి భాషల్లో ఒకదానితో కుస్తీ పట్టి, లక్షలాది మందిని దాటి, ప్రభుత్వ కళాశాలలోనే సీటు తెచ్చుకోవాలి. అంతకు తక్కువ ర్యాంకు వస్తే తండ్రి ముందుండేది మగ్గం కూలీ, ఏడాదికి 12 లక్షల రసీదు.