బృహన్నలకు మ్రొక్కు, బొమ్మలో వెక్కిరింత

వానలు తప్పిన యేట విరాటపర్వము చదివించుట, తోలుబొమ్మలచేత ఆడించుట తెలుగుదేశమున చిరకాలముగా నున్న ఆచారము. ఆ కథ నడచిన యూర వాన కురియునని పెద్దల నమ్మకము. సోమందేపల్లి, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములవంటి మెట్టసీమలలో అట్టి నమ్మకమునకు గల బలమెట్టిదో ఆకాశమువైపు చూచి సేద్యము చేయు మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కథకు ప్రాణమెవరు? స్త్రీయనియు పురుషుడనియు చెప్పరాని రూపముతో విరటుని కొలువున ఒక యేడు గడపిన బృహన్నల. వాన కొఱకు బృహన్నలను పిలుచు ఊరే, అట్టి మనుష్యులు నిజముగ వీథిలో కనబడినపుడు ఈలలు వేయుచున్నది. హాస్యచిత్రములో కనబడినపుడు విరగబడి నవ్వుచున్నది. ఈ రెండు నడవడులు ఒక్క సంఘములో ఇమిడియుండుట మనకు గౌరవము కాదని మేము తలంచుచున్నాము.

హాస్యచిత్రము మనకు పత్రికలతోపాటు సీమనుండి వచ్చినదని కొందఱందురు. అది సరికాదు. తోలును పలుచన చేసి, గీతలు దిద్ది, రంగులు వేసి, దీపమునకును తెఱకును నడుమ నిలిపి ఆడించు విద్య ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో నేటికిని జీవించియున్నది. అచ్చటి కళాకారులగు దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఆ తెఱమీద బొమ్మలు రెండు తెగలు. పురాణపాత్రలు ఒక తెగ. కథ నడుమ వచ్చి నవ్వించిపోవు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు మఱియొక తెగ. బృహన్నల మొదటి తెగకు చెందిన పాత్ర. ఈ సంగతి మనము మఱచితిమి.

కథను కొంచెము పరికింపుడు. బృహన్నల రాజకుమార్తెకు నాట్యము నేర్పు గురువు. ఉత్తరకుమారుని రథము తోలుటకు పిలిచినపుడు, కవచము తొడుగుకొన నేరనట్లు నటించి అంతఃపుర కన్యలను నవ్వించెను. ఆ నవ్వు బృహన్నల తానై పుట్టించినది. బృహన్నలమీద ఇతరులు రువ్వినది కాదు. యుద్ధభూమిలో కౌరవసేనను చూచి రథము దిగి పాఱిపోయినవాడు ప్రగల్భములు పలికిన రాజకుమారుడు. ప్రేక్షకులు నవ్వునది వానిని చూచియే. పిఱికితనము నవ్వుదగినదిగాని రూపభేదము నవ్వుదగినది కాదని ఆ ఘట్టము బోధించుచున్నది. 1963లో వెలువడిన నర్తనశాల చిత్రమున నందమూరి తారక రామారావుగారు ఈ పాత్రనే ధరించిరి. ఆంధ్రదేశము ఆ బృహన్నలను గౌరవముతో చూచినది. ఆయననే హిందూపురము ప్రజలు 1985, 1989, 1994 సంవత్సరముల ఎన్నికలలో తమ శాసనసభ్యునిగ ఎన్నుకొనిరి. ఆ వేషము ధరించుటవలన ఆయన గౌరవమునకు లోపమేమియు కలుగలేదు.

తరువాతి కాలపు హాస్యచిత్రములలోను, చలనచిత్రముల హాస్యభాగములలోను మనకు తఱచుగ కనబడు బొమ్మ వేఱు. నడుము త్రిప్పుచు ఒక వ్యక్తి వచ్చును, చప్పట్లు చఱచును, తక్కినవారు భయపడి పరుగెత్తుదురు. అంతటితో ఆ పాత్ర ముగియును. దానికి పేరులేదు, వృత్తిలేదు, ఇల్లులేదు, కన్నతల్లి లేదు. ఇక పురుషుని వలచిన పురుషుడు, స్త్రీని వలచిన స్త్రీ మన బొమ్మలలో మనుష్యులుగ కనబడుట మిక్కిలి అరుదు.

కేతిగాడు ఎవరినిమాత్రము విడిచిపెట్టినాడు, హాస్యమునకు హద్దులేల యని అడుగువారు కలరు. హాస్యమును నిషేధింపుమని మేము కోరుటలేదు. కరణమును వెక్కిరించిన మఱునాడుకూడ కరణము కరణముగనే యుండెడివాడు. వాని లెక్కల పుస్తకము వాని చేతనే యుండెడిది. నడక సుకుమారమైన బాలుని సంగతి అట్టిది కాదు. తెఱమీది వెక్కిరింత మఱునాటికి బడిలో వానికి మాఱుపేరగును. ఆ పేరు వానిని బడి మాన్పించును, పిమ్మట ఇల్లు విడిపించును. పిమ్మట వాడు చేయి చాచి నిలిచినపుడు, వీరికి పని చేతకాదని మనమే తీర్పు చెప్పుదుము.

ఇట్టి పాత్రలను మర్యాదగ చిత్రించినచో పిల్లలు చెడుదురని మఱికొందఱి భయము. ఈ భయము క్రొత్తది కాదు. అమెరికాలో 1954లో బొమ్మలకథల ప్రచురణకర్తలు తామే ఒక నిబంధనావళి వ్రాసికొని, స్వలింగ ప్రేమ ఛాయకూడ పుటలలో కనబడకుండ చేసిరి. అది 1989లో సవరింపబడినది. 1993లో కెనడా దేశపు చిత్రకారిణి లిన్ జాన్‌స్టన్, పత్రికలలో దినదినము వెలువడు తన కుటుంబకథలో, పాఠకులు చిన్ననాటినుండి ఎఱిగిన లారెన్స్ అను పొరుగింటి కుఱ్ఱవానిచేత తాను పురుషుని వలచితినని చెప్పించెను. ఇంటివారు వానిని వెడలగొట్టిరి. పిమ్మట వెదకి తెచ్చుకొనిరి. కొన్ని పత్రికలు ఆ భాగమును ప్రకటింప నిరాకరించెను. అయినను కథ ఆగలేదు. లారెన్స్ చేసిన వింత యేమియు లేదు. తన మాట తాను చెప్పెను, అంతియే. అట్టి బొమ్మను చూచిన బాలుడు చెడడు. లారెన్స్ వంటివాడైనచో, ఇంటినుండి పాఱిపోవుటకు ముందొకసారి ఆలోచించును.

శాసనము బొమ్మకంటె ముందు నడచినది. 2014లో సుప్రీముకోర్టు మూడవ లింగమును గుర్తించినది. 2018లో వయోజనుల పరస్పర సమ్మతితోడి స్వలింగ సంబంధము నేరము కాదన్నది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. ఇక మన పొరుగుననే, నైజాము కాలమునాటి 1919వ సంవత్సరపు శాసనమొకటి హిజ్రాల పేరులు పట్టికలో వ్రాయించుచు, స్త్రీవేషముతో వీథిలో ఆడిపాడినచో వారంటు లేకయే నిర్బంధింప వీలిచ్చుచుండెను. తెఱమీద బృహన్నల ఆడవచ్చును, వీథిలో మనుష్యుడు ఆడరాదు! తెలంగాణ హైకోర్టు 2023లో దానిని కొట్టివేసినది. న్యాయస్థానము చట్టమును కొట్టివేయగలదుగాని పదిమంది మనస్సులో నాటిన బొమ్మను చెఱపలేదు. అది చిత్రకారునికిని, వానిని పోషించు పాఠకునికిని చెందిన పని.

బృహన్నలది వేషమేకదా, యేడాది గడువగనే అర్జునుడు మరల అర్జునుడయ్యెనుకదా యని ఒక ఆక్షేపణ కలదు. అది నిజమే. అందువలననే మన బాధ్యత హెచ్చుచున్నది. అర్జునుని అజ్ఞాతవాసమునకు ఒక యేడు గడువు కలదు. జమ్మిచెట్టుమీద ఆయుధములు కాచియుండెను. గడువు తీఱగనే సోదరులతోడ సభలో నిలుచు భాగ్యము కలిగెను. మన ఊళ్ళలోని ఇట్టివారి అజ్ఞాతవాసమునకు గడువు లేదు. వారు వేషము ధరింపలేదు, ఉన్నట్లు ఉన్నారు. ఒక యేటి బృహన్నలకు చూపిన మర్యాద, జీవితకాలము అట్లు బ్రతుకువారికి చూపరాదా?

ఈ ప్రాంతపు పెద్దలకు మా మనవి స్వల్పమైనది. విరాటపర్వము ఆడించునపుడు, బృహన్నల పాత్రను వెకిలిచేష్టలతో చెఱుపవలదని ఆటగాండ్రతో ముందుగనే చెప్పుడు. సొమ్మిచ్చువారు మీరే కనుక మీ మాట చెల్లును. బడిలో ఆ పేరు తిట్టుగ వినబడిన, ఉపాధ్యాయులు ఊరకుండరాదు. పత్రికల చిత్రకారులు ఇట్టి పాత్రను గీయదలచినచో, మొదట దానికొక పేరు పెట్టుదురుగాక, ఒక వృత్తి నిచ్చెదరుగాక, పిమ్మట నవ్వింతురుగాక. అంగడి నడపు హిజ్రా బేరములో గడుసుతనము చూపినచో మనమందఱము నవ్వుదము, ఆమెయు నవ్వును.