సగంలో ఆగిన బొమ్మల పుస్తకం

పిల్లలూ! డిసెంబరు వచ్చింది. మీ పుస్తకాల అర ఒకసారి సర్దండి చూద్దాం. అడుగున ఒక డ్రాయింగు పుస్తకం దొరుకుతుంది. మొదటి నాలుగైదు పేజీల నిండా రంగులు, తరువాత ఒక సగం బొమ్మ, ఆపైన అన్నీ తెల్లకాగితాలే! అవునా? సిగ్గుపడకండి. ఈ ఆరంభశూరత్వం మీ మామయ్యకు కూడా ఉండేది.

నేను మీ ఈడువాణ్ణయి ఉన్నప్పుడు సంక్రాంతి సెలవులకు బోధన్‌లో మా మేనమామగారి ఇంటికి వెళ్ళేవాణ్ణి. మంజీరా నది మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ కాలువ నీటితో అక్కడ చెరకు విరివిగా పండింది. ఆ చెరకును ఆడించడానికి 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చలికాలం వచ్చిందంటే దాని ముందు చెరకు బండ్లు బారులు తీరేవి.

ఒకనాడు ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం బొమ్మ వేశాను. గొట్టం బాగానే కుదిరింది. పొగ మాత్రం కుదరలేదు. అది ఒక్కచోట నిలవదు కదా! “రేపు గీద్దాంలే” అనుకొని పుస్తకం మూశాను. ఆ రేపు రానేలేదు. కొత్త పుస్తకం కావాలని మారాం చేసి కొనిపించుకున్నాను.

2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తరువాత ఒకనాడు పాత పెట్టెలో నా పుస్తకం దొరికింది. గొట్టం ఉంది, పొగ లేదు. పూర్తి చేద్దామని పెన్సిలు పట్టుకున్నాను. కాని పొగ ఏ రంగులో ఉండేదో, ఎటు వంగేదో ఎంతకీ జ్ఞాపకం రాలేదు. కాగితం మన కోసం ఆగింది, పొగ ఆగలేదు.

మనకేమో కాగితాలు మిగిలిపోతున్నాయి. కాగితమే లేనివారు ఏం చేశారో వినండి. నిజాం పాలన చివరి రోజులలో కవి దాశరథి కృష్ణమాచార్యులుగారిని నిజామాబాదు ఖిల్లాలోని జైలులో బంధించారు. అక్కడ ఆయన బొగ్గు ముక్కతో గోడల మీద పద్యాలు వ్రాశారు. మరి మన దగ్గర కాగితమూ ఉంది, పెన్సిలూ ఉంది!

ఏం గీయాలంటారా? బజారులో ఒక చెరకు గడ కొని ఎదురుగా పెట్టుకోండి. ప్రతి కణుపు దగ్గరా చిన్న మొగ్గ ఉంటుంది. దానినే కన్ను అంటారు. నాటితే కొత్త మొక్క వచ్చేది అందులోనుంచే. ఊరికే చూస్తే తెలియదు గాని, బొమ్మ గీస్తూంటే తెలుస్తుంది: ఒక కన్ను ఈ పక్కన ఉంటే, దాని పైది ఆ పక్కన ఉంటుంది!

బొమ్మ అయిపోయాక గడ తినండి. మొదలు తియ్యన, కొస చప్పన. ఎందుకని? ఆకులు తయారుచేసిన చక్కెర ముదిరిన మొదట్లో నిలువ ఉంటుంది. కొస ఇంకా పెరుగుతూ ఉంటుంది గనుక, తనకు వచ్చిన చక్కెరను పెరగడానికే ఖర్చుపెడుతుంది. ఈ సంగతి కూడా బొమ్మ కింద వ్రాయండి. మరునాడు ఒక పసుపు కొమ్ము గీయండి. ఆ మరునాడు, పని చేసుకుంటున్న అమ్మ చేతులు.

ఇప్పుడు తెల్లకాగితాలు లెక్కపెట్టండి. 20 ఉన్నాయనుకోండి. రోజుకొక్కటి గీసినా 31 రోజులలో ఇంకా 11 రోజులు మిగులుతాయి. చెడిపోయిన బొమ్మను చింపవద్దు. దాని పక్క పేజీలోనే మళ్ళీ గీయండి. ప్రతి బొమ్మ కింద తేదీ, ఊరు వేయడం మరవకండి.

పెద్దలకు ఒక మాట: పిల్లలు బొమ్మ చూపినప్పుడు “బాగుంది”, “బాగాలేదు” అని ఊరుకోకండి. “ఇందులో ఏమేమి చూశావు?” అని అడగండి.

జనవరి ఒకటో తేదీన నిండిన పుస్తకం నాన్నగారి చేతిలో పెట్టి, అప్పుడు కొత్తది అడగండి. నేనూ నా పాత పుస్తకం ముందు వేసుకొని కూర్చున్నాను. పొగ దొరకలేదు, మిగిలిన పేజీలు మాత్రం వదలను.

— మీ మామయ్య